నిల్వ బరువు ఎవరి నెత్తిన? సప్లై చైన్ వాదాలకు కరువు సీమ నుంచి ఒక సమీక్ష

సరుకు ఎంత నిల్వ ఉంచాలి, ఎక్కడ ఉంచాలి అన్న దాని మీద ఆపరేషన్స్, సప్లై చైన్ నిర్వహణ శాస్త్రం నూరేళ్లకు పైగా వాదించుకుంటూనే ఉంది. నిల్వ అంటే దండగ అని ఒకరంటారు, నిల్వే బీమా అని ఇంకొకరంటారు. కోవిడ్ తర్వాత ఈ వాదం మరీ చిక్కుపడింది. నిన్నటిదాకా గోదాములు ఖాళీ చేయమన్న నోళ్లే ఇప్పుడు నింపమంటున్నాయి.

రెండు వైపులా సాక్ష్యాలు ఒకే చోట దొరికే ప్రాంతాలు తక్కువ. శ్రీ సత్యసాయి జిల్లా అలాంటిది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి విడివడి పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాలో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. కదిరిలో వేరుశనగ పరిశోధన కేంద్రం, ధర్మవరంలో పట్టు మగ్గాలు, హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్, పుట్టపర్తిలోనే బిల్లు కౌంటరు లేని పెద్దాసుపత్రి ఉన్నాయి. ఇది ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే నేల. ఆ కాస్తయినా ఏ నెలలో పడుతుందో, ఏ మండలాన్ని వదిలేస్తుందో చెప్పలేం.

ఈ ఉదాహరణలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే శాస్త్రంలో ఒక లోటు కనిపిస్తుంది. నిల్వ ఎంత అన్న లెక్క బాగా ముదిరింది. దాని ఖర్చు, దాని నష్టం ఎవరు మోస్తున్నారన్న లెక్క మాత్రం ఇంకా ఓనమాల దగ్గరే ఉంది. అసలు తగువంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

లెక్క మొదలైన తీరు

1913లో ఫోర్డ్ విట్‌మన్ హారిస్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక చిన్న సూత్రం ఇచ్చాడు. ఆర్డరు పెట్టిన ప్రతిసారీ ఒక ఖర్చు, సరుకు ఉంచుకున్నన్నాళ్లూ మరో ఖర్చు. ఒకేసారి ఎక్కువ తెప్పిస్తే మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. ఈ రెండు ఖర్చులూ సమానమైన చోట ఆర్డరు ఆపమన్నాడు. ఆ సూత్రం ప్రకారం వాడకం నాలుగింతలైతే ఆర్డరు పరిమాణం రెండింతలే కావాలి. కిరాణా కొట్టు నుంచి ఆసుపత్రి మందుల గది దాకా నేటికీ ఇదే మొదటి పాఠం.

హారిస్ సూత్రం రేపటి గిరాకీ తెలిసినట్టే అనుకుంటుంది. తెలియనప్పుడు ఏం చేయాలన్న దానికి 1951లో కెన్నెత్ ఆరో, థియొడోర్ హారిస్, జాకబ్ మార్షాక్ గణిత రూపం ఇచ్చారు. పేపర్లమ్మే కుర్రాడి లెక్క అని దానికి పేరు. మిగిలిన పేపరు సాయంత్రానికి చిత్తుకాగితం, చాలని పేపరు పోయిన బేరం. ఏ నష్టం పెద్దదో దాన్నిబట్టి కట్ట ఎంత తేవాలో తేల్చుకోవాలి.

ఇదే కాలంలో జపాన్‌లో టయోటా ఇంజనీరు తైచీ ఓనో ప్రశ్ననే తిరగేశాడు. నిల్వ అసలెందుకు పేరుకుంటోంది? యంత్రం చెడుతుంది కాబట్టి, సరుకు లోపంతో వస్తుంది కాబట్టి, సరఫరాదారు చెప్పిన వేళకు రాడు కాబట్టి. నిల్వ ఈ జబ్బులను కప్పిపెడుతుంది, దాన్ని తగ్గిస్తే జబ్బులు బయటపడతాయన్నాడు. ఈ పద్ధతికి 1988లో ‘లీన్’ అని పేరు పెట్టిన పరిశోధకుడు జాన్ క్రాఫ్‌సిక్. తర్వాతి కాలంలో ఆయన హ్యుందాయ్ అమెరికా విభాగానికి అధిపతి అయ్యాడు. ఆ హ్యుందాయ్ గ్రూపు కంపెనీయే నేడు పెనుకొండలో కార్లు చేస్తోంది. ‘సప్లై చైన్ మేనేజ్‌మెంట్’ అన్న మాట 1982లో కీత్ ఆలివర్ అనే సలహాదారు నోట వచ్చింది. అంతదాకా కొనుగోళ్లు ఒక శాఖ, గోదాము ఒక శాఖ, రవాణా ఇంకో శాఖగా ఎవరి గోల వారిదే.

నాలుగు వాదాలు

నేటి చర్చలో ప్రధానంగా నాలుగు గొంతులు వినిపిస్తాయి.

మొదటిది పొదుపు వాదం. ఓనో వారసులది. నిల్వ తగ్గించు, లోపం సరిదిద్దు, మళ్లీ తగ్గించు అంటుంది.

రెండోది తట్టుకునే శక్తి వాదం. 2011 జపాన్ భూకంపం, ఆపైన కోవిడ్, చిప్‌ల కొరత దీనికి బలమిచ్చాయి. విచిత్రంగా, పొదుపుకు పుట్టిల్లయిన టయోటాయే 2011 తర్వాత ఈ పాఠం నేర్చింది. కీలకమైన చిప్‌లు రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా ఉంచాలన్న ఏర్పాటు చేసుకుంది. ఆ నిల్వ పెట్టుకోవాల్సింది మాత్రం సరఫరాదారులు! ఈ చివరి వాక్యాన్ని పాఠ్యపుస్తకాలు చకచకా దాటిపోతాయి.

మూడోది ‘సరుకును బట్టి సరఫరా గొలుసు’ అన్న వాదం. మార్షల్ ఫిషర్ 1997లో చెప్పింది. ఉప్పూ పప్పుల్లాంటి నిలకడ గిరాకీ సరుకుకు చవక గొలుసు, ఫ్యాషన్ బట్టల్లాంటి ఊహకందని సరుకుకు చురుకైన గొలుసు కావాలంటాడు. రెంటినీ కలగలిపితే నష్టం తప్పదంటాడు.

నాలుగోది సమాచార వాదం. జే ఫారెస్టర్ 1958లో చూపించిన సంగతిని 1997లో హావ్ లీ, అతని సహ రచయితలు విడమరిచారు. దుకాణం దగ్గర గిరాకీ కాస్త కదిలితే, గొలుసులో వెనక్కి పోయేకొద్దీ ఆ కదలిక పెద్దదై ఫ్యాక్టరీని కుదిపేస్తుంది. కారణాల్లో ఒకటి కొరత భయం. దొరకదేమోనన్న అనుమానం రాగానే అందరూ అవసరానికి మించి అడుగుతారు. అందరికీ ఒకే సమాచారం అందితే సగం రోగం నయమవుతుందన్నది వీరి మాట.

వీటిని ఒక తాటికి తేగల మాటను 1996లోనే వాలెస్ హాప్, మార్క్ స్పియర్‌మన్ తమ ‘ఫ్యాక్టరీ ఫిజిక్స్’ పుస్తకంలో చెప్పారు. అనిశ్చితి ఉన్నచోట దాన్ని మూడింటిలో ఏదో ఒకటి మోయక తప్పదన్నారు: సరుకు నిల్వ, అదనపు సామర్థ్యం, లేదా ఎదురుచూపు. ఒకదాన్ని కోస్తే ఇంకొకటి పెరుగుతుంది. నాకు తెలిసి ఈ రంగంలో కరువు సీమకు అతికినట్టు సరిపోయే మాట ఇదే. దాన్నే పట్టుకుని క్షేత్రానికి వద్దాం.

నీళ్లు: నిల్వకు ప్రత్యామ్నాయం లేని చోటు

పొదుపు వాదం ఎంత ఘాటుగా మాట్లాడినా ఈ సీమలో నిల్వను తప్పుపట్టలేదు. పుట్టపర్తి పక్కనే ఉన్న బుక్కపట్నం చెరువు విజయనగర కాలపు నిల్వ లెక్క. చిత్రావతి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. పారిన నాలుగు రోజులూ పట్టి ఉంచుకోకపోతే మిగతా రోజులకు ఏమీ ఉండదు.

సత్యసాయి తాగునీటి పథకం ఈ తర్కాన్నే జిల్లా స్థాయికి తెచ్చింది. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు డబ్బు పెట్టింది, ఎల్ అండ్ టీ పనులు చేసింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోతున్న 700 పైచిలుకు గ్రామాలకు గొట్టాలు వేశారు. 1999లో తపాలా శాఖ దీని మీద స్టాంపు కూడా విడుదల చేసింది. ఇంజనీరింగ్ ఘనత గురించి చాలామంది రాశారు. ఆపరేషన్స్ దృష్టితో చూస్తే ఇందులో అసలు తెలివి ఏడు వేసవి నిల్వ చెరువుల్లో ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ ఏడాది పొడుగునా పారదు. పారినప్పుడు ఈ చెరువులు నింపుకోవాలి, కాలువ కట్టేశాక వాటి మీద బతకాలి. చెరువు ఎంత లోతు తవ్వాలన్నది కాలువ ఎన్ని నెలలు ఆగుతుందన్న లెక్కకు కట్టుబడి ఉంటుంది. హారిస్ సూత్రానికి ఇక్కడ పనిలేదు, ఎందుకంటే ఆర్డరు పెట్టే రోజు మన చేతిలో లేదు.

కట్టడం అయిపోయాక మొదలయ్యేదే ఆపరేషన్స్. మోటార్లు, కరెంటు, వాల్వులు, పగిలిన గొట్టాలు, లైన్‌మెన్ల జీతాలు. నిర్వహణ కార్మికులు జీతాల బకాయిల కోసం సమ్మెకు దిగిన వార్తలు ఈ జిల్లాకూ, పక్కనున్న అనంతపురం జిల్లాకూ కొత్తకాదు. సమ్మె జరిగిన ప్రతిసారీ కొన్ని ఊళ్లకు నీళ్లు ఆగుతాయి. కట్టడానికి దాతలు దొరుకుతారు. నెలనెలా నడపడానికి మాత్రం బడ్జెట్‌లో ఒక పద్దు, ఆ పద్దుకు వేళకు విడుదలయ్యే డబ్బు ఉండాలి. అది ఆగిననాడు ఏడు చెరువులు నిండుగా ఉన్నా కొళాయి తడవదు.

అప్పుడు ఊళ్లో జరిగేది హావ్ లీ చెప్పినదే. నీళ్లు రెండు రోజులకోసారి వస్తాయన్న నమ్మకం ఉన్న ఇంట్లో నాలుగు బిందెలు చాలు. ఎప్పుడొస్తాయో తెలియని ఇంట్లో ప్లాస్టిక్ డ్రమ్ములు చేరతాయి, ఉన్నవాళ్లు సంపు తవ్విస్తారు, మోటారు పెట్టి లాగుతారు. నీళ్లొదిలిన గంటలో పైవీధి సంపులన్నీ నిండేసరికి కిందివీధి కొళాయిలో గాలి బుసకొడుతుంది. పథకం తన నిల్వను నమ్మకంగా నడపలేకపోతే ఆ నిల్వ ఇంటింటికీ చీలిపోతుంది. మొత్తం ఖర్చు పెరుగుతుంది, అందులో పెద్ద వాటా డ్రమ్ము కొనే స్తోమత కూడా లేని ఇంటి ఆడవాళ్లు కాళ్లతో చెల్లిస్తారు.

పైనుంచి కూడా దెబ్బ తగలొచ్చు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. మరుసటి ఏడు గేట్ల భద్రత కోసం నిల్వను 80 టీఎంసీల దగ్గరే ఆపారు. డ్యాం సామర్థ్యం 105 టీఎంసీలకు పైమాటే. ఒక్క గేటు తెగితే ఎగువ కాలువ మీద ఆధారపడ్డ మొత్తం సీమ తన లెక్క మార్చుకోవాల్సి వచ్చింది.

పెనుకొండ: ఖాళీ గోదాము వెనక నిండు జలాశయం

2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 డిసెంబరు 5న అధికారిక ప్రారంభం, మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. ఎర్రమంచి దగ్గరి కియా ఫ్యాక్టరీ పొదుపు వాదానికి ఈ జిల్లాలో జెండా. విడిభాగాల కంపెనీలు చుట్టుపక్కలే వెలిశాయి. సీటు, బంపర్ లాంటి పెద్ద సామాను గోదాములో పేర్చుకునే బదులు, కూర్పు లైన్ అడిగిన వరసలో పక్క ఫ్యాక్టరీ నుంచి తెప్పించుకోవడమే ఇలాంటి ఏర్పాటు ఉద్దేశం.

ఇది గొప్ప క్రమశిక్షణ, సందేహం లేదు. ఓనో చెప్పిన ప్రయోజనం నిజమే: లోపమున్న భాగం వేలల్లో పేరుకోకముందే గంటలో దొరుకుతుంది. అయితే ఈ ఖాళీ గోదాము రెండు నిల్వల మీద నిలబడి ఉంది. ఒకటి విడిభాగాల చిన్న కంపెనీల దగ్గర. లైన్ ఆపితే పడే జరిమానాకు భయపడి వారు తమ షెడ్డులో సరుకు ఉంచుకుంటారు. బిల్లు డబ్బు వచ్చేదాకా ఆ పెట్టుబడి వడ్డీ వారిదే. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 చట్టం చెప్పింది. గడువు దాటితే ఆ ఖర్చును కొనుగోలుదారు చెల్లించిన ఏడాదికి గానీ పన్ను లెక్కలో చూపుకోలేడని 2024 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ చెబుతోంది. నిల్వ భారం ఎవరిదన్న ప్రశ్నను చట్టం నేరుగా తాకిన అరుదైన సందర్భం ఇది.

రెండోది గొల్లపల్లి జలాశయం. ఫ్యాక్టరీకి నీళ్లు అక్కడివే. అక్కడికి నీళ్లు హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎత్తిపోతల మీద వస్తాయి, ఆ పథకం రూపకల్పనే వరద వచ్చే 120 రోజుల లెక్క మీద జరిగింది. కార్ల కంపెనీ ‘నిల్వ లేకుండా’ నడవాలంటే ప్రభుత్వం ముందు ఒక జలాశయం నింపి ఉంచాలి. పొదుపు వాదులు తమ ఫ్యాక్టరీ గోడ దగ్గర లెక్క ఆపేస్తారు కాబట్టి ఈ నిల్వ వారి పుస్తకాల్లో కనపడదు.

ఇంకో మాట. 2025లో ఈ ఫ్యాక్టరీకి సంబంధించి ఐదేళ్లలో దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయన్న ఫిర్యాదు మీద పోలీసు కేసు నడిచింది. నిల్వ కనిష్ఠంగా ఉన్నచోట ఒక్క ఇంజను తగ్గినా వెంటనే తెలిసిపోతుందన్నది పాఠ్యపుస్తకం హామీ. కాగితం మీది లెక్కా, నేల మీది సరుకూ ఒకటేనని నమ్మేసే అలవాటుకు ఈ కేసు మంచి మందు.

విత్తనకాయ: పేపర్ల కుర్రాడి లెక్క పొలంలో

జూన్, జులై నెలల్లో అదను వాన పడితే చెనక్కాయ (వేరుశనగ) విత్తుతారు, పడకపోతే లేదు. ప్రభుత్వం సబ్సిడీ విత్తనాన్ని అంతకుముందే కొని, మూటలు కట్టి మండలాలకు చేర్చాలి. వాన బాగుంటే గిరాకీ ఒక్క వారంలో విరుచుకుపడుతుంది. రాకపోతే కాయలు మిగిలిపోయి పురుగు పడతాయి, మొలకశాతం పడిపోతుంది. అప్పుడు హఠాత్తుగా ఉలవలు, కంది, కొర్రల విత్తనం కావాలి. పేపర్ల కుర్రాడికి ఒక్క పేపరే. ఇక్కడ రెండు పేపర్లు, ఏది అమ్ముడుపోతుందో మబ్బు చెప్పాలి.

పాతరోజుల్లో రైతు పంటలో కొంత విత్తనకాయగా ఇంట్లోనే దాచేవాడు. విత్తే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని వలిచేవారు. వరస కరువులు, అప్పులు ఆ అలవాటును దెబ్బతీశాయి. కోతలప్పుడే అప్పు తీర్చడానికి కాయంతా అమ్మి, జూన్‌లో సబ్సిడీ క్యూలో నిలబడడం మొదలైంది. నిల్వ రైతింటి నుంచి ప్రభుత్వ గోదాముకు మారింది. నష్టభయం కూడా కొంత మారింది, అది మేలే. కానీ ఎదురుచూపు మాత్రం రైతు దగ్గరే ఉండిపోయింది. అదను దాటాక అందిన మూటను ఖాతాలో పంపిణీ అయినట్టే రాస్తారు, పొలంలో దాని విలువ సగం. గణాంకాల్లో ఈ సగం ఎక్కడా కనిపించదు.

కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి రకాలు ఇచ్చిన కేంద్రం ఇదే జిల్లాలో ఉంది. రకం మంచిదైతే చాలదు, ఆ విత్తనం ఊళ్లోనే ఏడాదికేడాది నిలవాలి. ఊరి స్థాయి విత్తన నిల్వా, కేంద్రీకృత పంపిణీనా అన్న చర్చలో నేను ఊరి వైపే. అయితే ఒక షరతు: దాచిన కాయ మీద రైతుకు కోతల నాడే అప్పు పుట్టాలి. లేకపోతే ఆకలి ముందు ఏ నిల్వా నిలవదు.

చీనీ: గోదాము లేని గొలుసు

పండ్ల దగ్గరకొచ్చేసరికి హాప్, స్పియర్‌మన్‌ల మూడు మార్గాల్లో రెండు మూసుకుపోతాయి. టమాటా నిల్వ ఉండదు, ఎదురుచూడదు. అందుకే అనంతపురం దగ్గరి కక్కలపల్లి మండీలో ధర ఒక వారం బాక్సుల కూలీ కూడా రానంత పడి, మరో కాలంలో ఆకాశానికి ఎగురుతుంది. 2023 జులైలో మదనపల్లెలో కిలో వంద రూపాయలు దాటింది గుర్తుండే ఉంటుంది.

చీనీది, అంటే బత్తాయిది, మధ్యస్థమైన కథ. కోయకుండా కొన్ని వారాలు చెట్టు మీదే ఆపవచ్చు. అంటే చెట్టే గోదాము. ఆ గోదాము అద్దె బోరు నీళ్ల రూపంలో, రాలిపోయిన కాయల రూపంలో రైతు కడతాడు. వ్యాపారి తోట దగ్గరికొచ్చి చూసి ‘ఇంకో వారం ఆగు’ అన్నాడంటే, ఆ వారపు నిల్వ ఖర్చు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. తూకం దగ్గర ‘సూట్’ ఉంటుంది. టన్నుకు ఇన్ని కిలోలని కోత పెట్టి ఆ కాయలకు డబ్బివ్వరు. దారిలో కాయ చెడుతుంది, తూకం తగ్గుతుంది అన్నది చెప్పే కారణం. శాస్త్ర పరిభాషలో ఇది రవాణా నష్టాన్ని ముందుగానే సరఫరాదారుకు బదలాయించడం. కాయ చెడకుండా ఢిల్లీ చేరినా సూట్ తిరిగి రాదు.

గొలుసును వేగవంతం చేసే ప్రయత్నాలు జరిగాయి. 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి ముంబయి జేఎన్‌పీటీ రేవుకు 43 శీతల కంటైనర్లలో వందల టన్నుల అరటి రైల్లో వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు బయల్దేరింది. దక్షిణాదిలో అదే మొదటిది. రవాణా ఛార్జీలో సగం సబ్సిడీ ఉన్నన్నాళ్లూ లెక్క కుదిరింది. రైలు వేగం నిజంగా మేలు చేసింది, కానీ రైలు నింపాలంటే ఒకే రోజు వందల టన్నుల కాయ కోయాలి, గ్రేడు చేయాలి. ఆ సమన్వయం చేసే శక్తి ఒంటరి రైతుకు లేదు, వ్యాపారికుంది. రైలు ఎవరి పేరున నడిచినా పార్సిల్ ఎవరి పేరున బుక్కయిందన్నదే అసలు సంగతి.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో ఈ ఒత్తిడి ఇంకా సూటిగా ఉంటుంది. గూడు చీల్చుకుని పట్టుచిలక బయటికొచ్చేలోపు అమ్ముడుపోవాలి.

ఆసుపత్రి, సేవాదళ్: నిల్వ చేయలేని సేవ

1991 నవంబరు 22న ప్రారంభమైన పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్‌కు బిల్లు లేదు. ధర లేనిచోట రద్దీని అదుపు చేసేది నిరీక్షణే. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇక్కడ తప్పదు: వరసలో ఉన్నవారి సంఖ్య, వచ్చే వేగాన్ని సగటు నిరీక్షణతో గుణించినంత. బెంగాల్, ఒడిశాల నుంచి రోగితోపాటు వచ్చే బంధువు పోగొట్టుకునే కూలి రోజులు ఉచిత వైద్యానికి పడే కనిపించని ధర.

పుట్టపర్తిలోనే ఉన్న సత్యసాయి బాబా ఆశ్రమం, ప్రశాంతి నిలయం, ఇందుకు భిన్నమైన దారి పట్టింది. నవంబరు 23న బాబా జయంతికి జనం ఒక్కసారిగా పెరుగుతారు. ఏడాది పొడుగునా అంత సిబ్బందిని పోషించకుండా, రాష్ట్రాలవారీగా వంతులు వేసుకుని వచ్చే సేవాదళ్ స్వచ్ఛంద సేవకులతో ఆ భారం మోస్తారు. అదనపు సామర్థ్యం అన్న రెండో మార్గానికి ఇంత చవకైన నమూనా మరోచోట కష్టం. భక్తి లేని సంస్థ దీన్ని అనుకరించబోతే జీతం లేని చాకిరీ అవుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

తాగునీటిలో అనిశ్చితిని మోసేది నిల్వ. అది ప్రభుత్వం దగ్గర ఉంటే చవక, ఇళ్లకు చీలితే ఖరీదు. కార్లలో నిల్వ మాయం కాలేదు, చిన్న కంపెనీల షెడ్డులకూ జలాశయానికీ జరిగింది. విత్తనంలో నిల్వ సర్కారుది, ఎదురుచూపు రైతుది. చీనీలో నిల్వ చెట్టుది, నష్టం సూట్ పేరుతో రైతుది. ఆసుపత్రిలో కాలం రోగిది, జయంతి రద్దీలో శ్రమ సేవకుడిది.

నాలుగు వాదాల్లో ఫిషర్ మాట ఇక్కడ బాగా పనికొస్తుంది, ఎందుకంటే నీళ్లకూ కార్లకూ ఒకే మంత్రం వేయలేమని ఈ జిల్లా రోజూ చూపిస్తోంది. సమాచార వాదం సగం నిజం. చీనీ రైతు చేతిలో ఫోను ఉంది, ఢిల్లీ ధర తెలుసు, అయినా సూట్ తగ్గలేదు. ధర తెలియడం వేరు, బేరమాడే బలం ఉండడం వేరు.

ఇంకా తేలనివి

వాతావరణం మారుతున్నప్పుడు పాత సగటు వానల మీద వేసిన నిల్వ లెక్కలు ఎంతకాలం చెల్లుతాయన్నది మొదటి చిక్కు. 120 రోజుల వరద అనుకున్న కాలువకు ఒక ఏడు ఎక్కువ, ఇంకో ఏడు తక్కువ రోజులు వస్తే ప్రాధాన్యం తాగునీటికా, చీనీ తోటకా, ఫ్యాక్టరీకా? దీనికి శాస్త్రం దగ్గర సూత్రం లేదు, ఉండదు కూడా. అది రాజకీయ నిర్ణయం, బాహాటంగా జరగాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు గ్రేడింగ్, రవాణా తామే చేపడితే సూట్ లాంటి కోతలు పోతాయా, లేక సంఘం లోపలే కొత్త దళారీ పుడతాడా అన్నది రెండో చిక్కు. 2020లో కేంద్రం 10 వేల సంఘాల పథకం తెచ్చింది. సంఘాల సంఖ్య మీద ఉన్న శ్రద్ధ, అవి ఎన్ని లారీలు సొంతంగా నింపాయన్న దాని మీద లేదు.

అన్నిటికన్నా ముందు, చేతనైన పని ఒకటుంది. తుంగభద్రలో ఎన్ని టీఎంసీలున్నాయో పత్రికల్లో రోజూ వస్తుంది. వేసవి నిల్వ చెరువుల్లో ఎన్ని రోజుల తాగునీరుందో, ఏ ఊరి ట్యాంకుకు నీళ్లు చేరి ఎన్ని రోజులైందో మాత్రం రాదు. శ్రీ సత్యసాయి, అనంతపురం జిల్లాల యంత్రాంగాలు ఈ రెండు అంకెలను వారం వారం ఊరి పేరుతో సహా ప్రకటించాలి.